బ్రిటన్‌లో భారతీయులు, పాకిస్తానీలు: జీతాల తేడా వెనకున్న చరిత్ర

2018 సంవత్సరానికి బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం వేసిన లెక్క ఒకటి ఇప్పటికీ తరచూ చర్చకు వస్తుంటుంది. జీతాలను వరసగా పేర్చి సరిగ్గా మధ్యలో నిలిచేదాన్ని చూస్తే, శ్వేతజాతి బ్రిటిష్ ఉద్యోగి గంటకు 12.03 పౌండ్లు సంపాదిస్తున్నాడు. భారత సంతతి ఉద్యోగి 13.47 పౌండ్లు. పాకిస్తాన్ సంతతి ఉద్యోగి 10 పౌండ్లు. సొంత ఇళ్ల లెక్కా ఇలాగే ఉంది. ఆ ఏళ్లలో ఇంగ్లండ్‌లోని భారత సంతతి కుటుంబాల్లో 74 శాతం సొంత ఇంట్లో ఉంటే, పాకిస్తాన్ సంతతి కుటుంబాల్లో 58 శాతమే.

ఇలాంటి అంకెలు కంటపడగానే మనలో చాలామంది ఒక తీర్పు ఇచ్చేస్తారు. మనవాళ్లు కష్టపడతారు, పిల్లల్ని చదివిస్తారు, వాళ్లకు ఆ ధ్యాస లేదు అని. మతం, సంస్కృతి, పెంపకం, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఎవరు ఏ ఊరి నుంచి, ఏ సంవత్సరంలో, ఏ కాగితం పట్టుకుని, ఏ పనికోసం ఆ దేశంలో దిగారన్నది మాత్రం రాదు. నాకైతే ఇది పొరపాటే కాదు, అన్యాయంగా కూడా తోస్తుంది. ఎందుకంటే ఈ తేడాలో పెద్ద భాగం 1955, 1975 మధ్య రాసిపెట్టి ఉంది.

మొదట్లో చట్టం ఇద్దరికీ ఒకటే. 1948 నాటి బ్రిటిష్ జాతీయత చట్టం ప్రకారం కామన్వెల్త్ దేశాల పౌరులు ఎవరైనా బ్రిటన్ వెళ్లి స్థిరపడి పనిచేసుకోవచ్చు. యుద్ధం తర్వాత అక్కడి ఫ్యాక్టరీలకు మనుషులు కావాలి. టికెట్ డబ్బులు, చిరునామా చెప్పే బంధువు ఉంటే చాలు. తేడా మొదలైంది ఆ బంధువు దగ్గరే.

పాకిస్తానీలు అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ, బ్రిటన్‌లో ఉన్నవాళ్లలో సగానికి పైగా మూలాలు పాకిస్తాన్ పాలనలోని కశ్మీర్‌లో, ముఖ్యంగా మీర్‌పూర్ ప్రాంతంలో ఉన్నాయని అంచనా. కొండలు, వాన మీదే ఆధారపడే చిన్న చిన్న కమతాలు. పంజాబ్‌కు దక్కిన కాలువ నీళ్లు వీళ్లకు దక్కలేదు. బడులూ తక్కువే. అందుకే చాలా ముందునుంచే అక్కడి మగవాళ్లు బ్రిటిష్ ఆవిరి ఓడల్లో కొలిమికి బొగ్గు ఎగదోసే పనికి వెళ్లేవారు. అలా వెళ్లినవాళ్లలో కొందరు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఓడ దిగి ఇంగ్లండ్ ఫ్యాక్టరీల్లో చేరారు. తర్వాత వచ్చిన అన్నదమ్ములకు, మేనల్లుళ్లకు ఆసరా వాళ్లే.

వాళ్లు చేరింది యార్క్‌షైర్‌లోని ఉన్ని మిల్లుల్లో, లాంకషైర్‌లోని నూలు మిల్లుల్లో. బ్రాడ్‌ఫర్డ్, ఓల్డమ్, రోచ్‌డేల్, బర్న్‌లీ, బ్లాక్‌బర్న్. ఈ మిల్లుల పరిస్థితి అప్పటికే బాగాలేదు. కొత్త యంత్రాలు కొన్నారు, ఆ డబ్బు తిరిగి రావాలంటే మిల్లు రాత్రింబవళ్లు తిరగాలి. ఆడవాళ్లను రాత్రి షిఫ్టులో పెట్టడానికి అప్పటి చట్టం అడ్డు. స్థానిక మగవాళ్లు అంతకంటే మంచి ఉద్యోగాలు చూసుకుని వెళ్లిపోతున్నారు. ఆ ఖాళీలోకి వచ్చారు మీర్‌పూర్ మనుషులు. రాత్రి షిఫ్టంతా ఒకే ప్రాంతం వాళ్లు కావడంతో సూపర్‌వైజర్‌తో మాట్లాడే ఒక్కరికి ఇంగ్లిష్ వస్తే సరిపోయేది. పగలు నిద్ర, రాత్రి మగ్గం. ఇరవై ఏళ్లు ఉన్నా ఆ దేశపు భాష నేర్చుకునే వీలు చాలామందికి దొరకలేదంటే ఆశ్చర్యం లేదు.

మొదట్లో వాళ్లు ఉండిపోదామని రాలేదు. కొన్నేళ్లు సంపాదించి ఒకరు వెనక్కి వెళ్తే ఆ స్థానంలోకి ఇంకొకరు వచ్చేవారు. 1962 నాటి కామన్వెల్త్ వలస చట్టం ఈ రాకపోకలకు తెర దించింది. ఇక నుంచి ప్రభుత్వం ఇచ్చే పని వోచర్ ఉంటేనే ప్రవేశం. చట్టం వస్తోందని ముందే తెలిసి, తలుపు మూసేలోపు వెళ్లాలని వేలమంది పరుగులు తీశారు. అప్పటికే అక్కడున్నవాళ్లకు మరో చిక్కు వచ్చింది, వెనక్కి వెళ్తే మళ్లీ రానిస్తారో లేదో. దాంతో వాళ్లు ఊరికి వెళ్లడం మానేసి భార్యాబిడ్డల్ని పిలిపించుకున్నారు. వలసల్ని తగ్గించడానికి తెచ్చిన చట్టమే తాత్కాలిక కూలీలను శాశ్వత నివాసుల్ని చేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మీర్‌పూర్ మీద ఇంకో దెబ్బ పడింది. భారత్, పాకిస్తాన్ మధ్య 1960లో సింధు జలాల ఒప్పందం కుదిరాక జీలం నది మీద మంగ్లా డ్యామ్ కట్టారు. 1967కి పూర్తయింది. పాత మీర్‌పూర్ పట్టణం, దాని చుట్టూ వందలకొద్దీ గ్రామాలు జలాశయంలో కలిసిపోయాయి. లక్ష మందికి పైగా నిర్వాసితులయ్యారు. కొందరికి వేరేచోట భూములిచ్చారు, కొందరికి బ్రిటన్‌లో పనిచేసే పర్మిట్లు దొరికాయి, పరిహారం డబ్బుతో టికెట్ కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. నీటిమట్టం పడిపోయినప్పుడు పాత గుళ్లూ దర్గాలూ ఇప్పటికీ బయటపడుతుంటాయి. ఇలా భూమి పోగొట్టుకుని, చదువు లేక, మూతపడబోయే పరిశ్రమలో చేరిన మనుషుల మనవలనే మనం ఇవాళ జీతాల పట్టికలో కింద చూస్తున్నాం.

భారతీయుల కథ ఒక్కటి కాదు, కనీసం మూడు. జలంధర్, హోషియార్‌పూర్ ప్రాంతాల పంజాబీ రైతుబిడ్డలు బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఇనుము పోత కర్మాగారాల్లో, లండన్ పక్కన సౌతాల్‌లోని రబ్బరు ఫ్యాక్టరీలో చేరారు. వీళ్లకూ మీర్‌పూర్ వాళ్లకూ మొదట్లో పెద్ద తేడా లేదు. కూలి పని, ఇరుకు గదులు, వివక్ష అన్నీ సమానమే. కాకపోతే సౌతాల్ పక్కనే హీత్రో విమానాశ్రయం పెరుగుతూ పోయింది. ఫ్యాక్టరీ మూతపడినా అక్కడ భార్యకూ భర్తకూ వేరే పని దొరికింది. బ్రాడ్‌ఫర్డ్ పక్కన అలాంటిది ఏదీ పుట్టలేదు.

రెండో కథ డాక్టర్లది. 1962 తర్వాత వోచర్లలో బి వర్గం డాక్టర్లు, టీచర్ల వంటి అర్హతలున్నవాళ్లకు. అర్హతలు లేని కూలీలకిచ్చే సి వర్గం 1960ల మధ్యలోనే ఆగిపోయింది. అంటే చదువుకున్నవాళ్లకు దారి తెరిచే ఉంది, చదువులేనివాళ్లకు కుటుంబ బంధం తప్ప దారి లేదు. జాతీయ ఆరోగ్య సేవకు డాక్టర్లు కావాలి, భారత వైద్య కళాశాలల్లో చదువు ఇంగ్లిష్‌లోనే. ఇంగ్లిష్ డాక్టర్లు వెళ్లడానికి ఇష్టపడని పారిశ్రామిక పట్టణాలకు, వృద్ధుల వార్డులకు మనవాళ్లు వెళ్లారు. ఈ దారిలో ఎంతమంది వచ్చారో తెలియాలంటే 2004 నాటి గణాంకం ఒకటి చూడాలి. పనిచేస్తున్న భారత సంతతి మగవాళ్లలో ఇరవై మందికొకరు డాక్టరు. పాకిస్తాన్ సంతతి మగవాళ్లలో ఆరుగురికొకరు టాక్సీ డ్రైవరు. ఒక సమాజం నుంచి డాక్టర్లను ఎంచి తెచ్చుకుని, రెండో సమాజం నుంచి రాత్రి షిఫ్టు కూలీలను తెచ్చుకుని, యాభై ఏళ్ల తర్వాత ఇద్దరి పిల్లల్నీ పక్కపక్కన నిలబెట్టి ఎవరి పెంపకం గొప్పదని అడగడం ఏం న్యాయం?

మూడో కథ తూర్పు ఆఫ్రికాది, బహుశా అన్నిటికంటే ముఖ్యమైనది. బ్రిటిష్ పాలనలో కెన్యా, ఉగాండా, ఇప్పటి టాంజానియాలో భాగమైన టాంగన్యీకాలకు వెళ్లిన గుజరాతీలు, పంజాబీలు అక్కడ నడిమి తరగతి అయ్యారు. దుకాణాలు, జిన్నింగు మిల్లులు, బ్యాంకు ఉద్యోగాలు, పిల్లలకు ఇంగ్లిష్ బడులు. స్వాతంత్ర్యం వచ్చాక ఆఫ్రికా ప్రభుత్వాలు వాళ్లను పక్కకు నెట్టడం మొదలైంది. కెన్యా నుంచి వచ్చేవాళ్లను ఆపడానికి 1968లో బ్రిటిష్ పార్లమెంటు మూడు రోజుల్లో చట్టం చేసింది. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్న మనుషుల్నే గడప దగ్గర ఆపేసిన చట్టం అది. 1972 ఆగస్టులో ఉగాండా నియంత ఇదీ అమీన్ అక్కడి ఆసియన్లకు దేశం విడిచి వెళ్లడానికి 90 రోజుల గడువిచ్చాడు. దాదాపు 28 వేల మంది బ్రిటన్ చేరారు. లెస్టర్ నగర పాలక మండలి ఉగాండా పత్రికలో ప్రకటన వేయించి మరీ తమ ఊరికి రావద్దని చెప్పింది. అయినా చాలామంది అక్కడికే వెళ్లారు.

వాళ్ల ఆస్తులు కంపాలాలో పోయాయి, చేతిలో వచ్చింది కొద్దిపాటి పౌండ్లు. పోనివి మాత్రం ఎక్కువే. ఇంగ్లిష్, లెక్కలు రాయడం, సరుకు ఎక్కడ కొని ఎలా అమ్మాలో తెలియడం, బ్యాంకు మేనేజరుతో మాట్లాడే ధైర్యం. పైగా వెనక్కి వెళ్లడానికి ఊరు లేదు కాబట్టి సంపాదించిన ప్రతి పౌండూ ఆ దేశంలోనే పెట్టారు. మీర్‌పూర్ మిల్లు కార్మికుడు అదే కాలంలో ఊళ్లో ఇల్లు కట్టడానికి, చెల్లెళ్ల పెళ్లిళ్లకు డబ్బు పంపుతున్నాడు. సొంత ఇళ్ల శాతంలో తేడా గురించి మాట్లాడేటప్పుడు దీన్ని మరచిపోకూడదు.

ఆడవాళ్ల సంపాదన ఇంకో మలుపు. లెస్టర్‌లో అల్లిక దుస్తులు, బూట్లు, టైప్‌రైటర్లు చేసే పగటి షిఫ్టు ఫ్యాక్టరీలు ఉండేవి. ఆఫ్రికా నుంచి వచ్చిన గుజరాతీ స్త్రీలు వాటిలో చేరారు. సుఖంగా ఏమీ లేదు అక్కడ. 1974లో లెస్టర్‌లో ఇంపీరియల్ టైప్‌రైటర్స్ సమ్మె, 1976లో ఉత్తర లండన్‌లో జయాబెన్ దేశాయ్ ముందుండి నడిపిన గ్రన్‌విక్ ఫొటో ల్యాబ్ సమ్మె అవమానాల మీదే జరిగాయి. గ్రన్‌విక్ సమ్మె దాదాపు రెండేళ్లు సాగి ఓడిపోయింది. కానీ ఇంటికి రెండు జీతాలు వచ్చాయి. మిల్లు పట్టణాల్లో పాకిస్తానీ స్త్రీలకు దొరికింది ఎక్కువగా ఇంట్లోనే ముక్కల లెక్కన బట్టలు కుట్టే పని. 2011 జనగణన నాటికి కూడా పాకిస్తాన్ సంతతి స్త్రీలలో సగానికి పైగా ఉద్యోగంలో గానీ ఉద్యోగ వేటలో గానీ లేరు. ఇందులో ఇంటి కట్టుబాట్ల పాత్ర లేదని నేననను. ఉంది. కాకపోతే చుట్టుపక్కల పనే లేని ఊళ్లో కట్టుబాటు సడలడానికి కారణమూ తక్కువే.

1980ల ఆరంభంలో మిల్లులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. నలభై అయిదేళ్ల వయసు, రాని భాష, మగ్గం తప్ప మరో పని తెలియదు. అప్పటికే కొనుక్కున్న చవక ఇల్లు అమ్ముదామంటే కొనేవాడు లేడు. టాక్సీ స్టీరింగ్ అలా చేతికొచ్చింది. 2001 వేసవిలో ఓల్డమ్, బర్న్‌లీ, బ్రాడ్‌ఫర్డ్‌లలో అల్లర్లు చెలరేగినప్పుడు ప్రభుత్వం వేసిన కమిటీ శ్వేతజాతి, ఆసియా సమాజాలు రెండూ ఒకదానికొకటి తగలకుండా సమాంతరంగా బతుకుతున్నాయని రాసింది. ఆ ఎడం మిల్లు షిఫ్టులప్పటి నుంచీ ఉన్నదే.

సంస్కృతే కారణమనే వాదనకు గట్టి జవాబు బంగ్లాదేశీల దగ్గర ఉంది. సిల్హెట్ పల్లెల నుంచి పాకిస్తానీల కంటే ఆలస్యంగా, వాళ్లకంటే పేదగా వచ్చారు. మతం అదే. 1990లలో వాళ్ల పిల్లల పరీక్షా ఫలితాలు అట్టడుగున ఉండేవి. ఇవాళ పదహారేళ్ల వయసులో రాసే పరీక్షల్లో వాళ్లు శ్వేతజాతి పిల్లల్ని దాటేశారు. వాళ్లలో దాదాపు సగం మంది ఉన్నది లండన్‌లో, ముఖ్యంగా టవర్ హామ్లెట్స్ ప్రాంతంలో. అక్కడి బడుల మీద డబ్బూ శ్రద్ధా గట్టిగా పెట్టారు. ఒక తరంలో మతం మారలేదు, బడి మారింది.

భారతీయులు, పాకిస్తానీలు అనే పేర్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. బ్రిటన్ మాజీ ప్రధాని రిషి సునాక్‌ను భారత సంతతి విజయంగా చెప్పుకుంటాం. ఆయన తాతగారి ఊరు గుజ్రాన్‌వాలా, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఆ కుటుంబం నైరోబీ మీదుగా ఇంగ్లండ్ చేరింది, తండ్రి డాక్టరు, తల్లి ఫార్మసిస్టు. పాకిస్తానీ సంతతికి చెందిన లండన్ మేయర్ సాదిక్ ఖాన్ పూర్వీకులు విభజనప్పుడు భారత్ నుంచి వెళ్లినవాళ్లు. తండ్రి లండన్‌లో బస్సు నడిపాడు. సరిహద్దు గీత ఎటు పడిందన్నదాని కంటే నైరోబీ మీదుగా వచ్చారా, మిల్లుకు వచ్చారా, లండన్‌లో దిగారా అన్నదే ఎక్కువ చెబుతుంది.

భారతీయుల సగటులో 1990ల తర్వాత వెళ్లిన ఐటీ ఉద్యోగులు, కొత్త డాక్టర్లు కూడా కలిశారు. మన తెలుగువాళ్లు చాలామంది ఈ వరసలోనే ఉన్నారు. వాళ్లను వీసా నిబంధనే డిగ్రీ చూసి, జీతం చూసి ఏరింది. లెస్టర్ బట్టల వర్క్‌షాపుల్లో కనీస వేతనం కూడా దక్కని భారతీయ కూలీలు అదే సగటు కింద కనిపించకుండా పోతారు.

పాకిస్తాన్ సంతతి యువత ఇప్పుడు పెద్దసంఖ్యలో విశ్వవిద్యాలయాలకు వెళ్తోంది. అడ్డం ఇంకెక్కడో ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లోని నఫీల్డ్ కళాశాల పరిశోధకులు 2019లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే అర్హతలతో వేర్వేరు పేర్లు పెట్టి దరఖాస్తులు పంపారు. శ్వేతజాతి పేరున్న దరఖాస్తుకు వచ్చినంత స్పందన రావాలంటే పాకిస్తానీ పేరుతో 70 శాతం ఎక్కువ దరఖాస్తులు పంపాల్సి వచ్చింది.

వీటికి తోడు జీవిత భాగస్వామి వీసా. బ్రిటన్‌లో పుట్టిన పాకిస్తాన్ సంతతివారిలో చాలామంది బంధువర్గంలోంచి, పాకిస్తాన్‌లో ఉన్నవాళ్లను పెళ్లి చేసుకుంటారు. విదేశీ భాగస్వామిని తెచ్చుకోవాలంటే ఏడాదికి కనీసం 18,600 పౌండ్ల సంపాదన చూపాలని 2012లో నిబంధన పెట్టారు. 2024 ఏప్రిల్‌లో దాన్ని 29,000 పౌండ్లకు పెంచారు. అదే నెలలో కనీస వేతనం గంటకు 11.44 పౌండ్లు అయింది. ఆ లెక్కన వారానికి 40 గంటల చొప్పున ఏడాదంతా పనిచేసినా 24,000 పౌండ్లు దాటేది కాదు. నిబంధన అందరికీ ఒకటే. రీడింగ్ పట్టణంలోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు అది అడ్డే కాదు, బ్రాడ్‌ఫర్డ్‌లో కనీస వేతనంతో గిడ్డంగిలో పనిచేసే మిల్లు కార్మికుడి మనవడు మాత్రం దాన్ని దాటలేడు.