చలికాలంలో పాడి ఆవుల మేత: కొన్ని అపోహలు, వాస్తవాలు

చలి ముదిరేకొద్దీ పాడి రైతులు నన్ను అడిగే ప్రశ్నల్లో చాలావరకు, ఎవరో ఎప్పుడో చెప్పిన మాటను రూఢి చేసుకోవడానికి అడిగేవే.

అపోహ: చలికి ఆవు తట్టుకోవాలంటే దాణా పెంచాలి.

వాస్తవం: ఆవుకు దాని పొట్టే కుంపటి, ఆ కుంపటికి పీచు మేతే పిడక. ఎండుగడ్డి, చొప్ప వంటివి మొదటి పొట్టలో సూక్ష్మజీవుల వల్ల పులిసి జీర్ణమయ్యేటప్పుడు ధాన్యం కంటే ఎక్కువ వేడి పుడుతుంది కనుక, చలి రాత్రుల్లో ముందుగా పెంచవలసింది సాయంత్రం వేసే ఎండుమేతను. ఒళ్లు తడిసి, ఈదురుగాలికి నిలబడిన ఆవుకు శక్తి అవసరం పెరిగే మాట నిజమే. అయితే దాణాను ఒక్కసారిగా పెంచితే పొట్టలో ఆమ్లత్వం పెరిగి, నెమరు తగ్గి, పేడ పలచబడి, పాలలో వెన్న శాతం పడిపోతుంది. పెంచదలిస్తే పది రోజులకు తక్కువ కాకుండా కొద్దికొద్దిగా పెంచాలి.

అపోహ: పచ్చిమేత సమృద్ధిగా ఉంటే మరేమీ అక్కర్లేదు.

వాస్తవం: మేతను గంపలతో కాక పొడి పదార్థంతో, అంటే తేమ పోగా మిగిలేదానితో లెక్కించాలి. 500 కిలోల పాడి ఆవుకు శరీర బరువులో 3 శాతం చొప్పున రోజుకు 15 కిలోల పొడి పదార్థం కావాలనుకుంటే, 15 శాతమే పొడి పదార్థం ఉండే లేత బర్సీం అనే పప్పుజాతి పచ్చిమేతతో ఆ అవసరం తీరడానికి 100 కిలోల మేత కావాలి. అంత తినడం ఆవుకు సాధ్యం కాదు. పైగా మంచు తడి ఆరని లూసర్న్, బర్సీం మడుల్లోకి ఖాళీ కడుపుతో తోలిన ఆవులకు నురుగుతో కూడిన కడుపుబ్బరం వచ్చి, గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. ముందు ఎండుగడ్డి తిననిచ్చి, పొద్దెక్కాక తోలడం ఎంతో మేలు.

అపోహ: చలికాలంలో నీళ్ల గురించి పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: లీటరు పాలకు మూడు నాలుగు లీటర్ల నీరు చలికాలంలోనూ కావాలి. తొట్టిలో నీళ్లు గడ్డకట్టేంత చల్లగా ఉంటే ఆవు తాగడం తగ్గించి, దాంతో మేతనూ తగ్గిస్తుంది.

అపోహ: గడ్డి ఎలాగూ ఎదగదు కనుక మొదలంటా మేపినా నష్టం లేదు.

వాస్తవం: మళ్లీ చిగురించడానికి కావలసిన నిల్వలు గడ్డి మొదట్లోనే ఉంటాయి. ఐదు సెంటీమీటర్ల మోడు వదిలి, ఎదుగుదల మందగించిన కొద్దీ ఆ మడిని మళ్లీ మేపడానికి వ్యవధి పెంచాలి. ఆకు మీద మంచు గడ్డకట్టి ఉన్నప్పుడు ఆవులు తొక్కితే కణాలు చిట్లి గడ్డి నల్లబడుతుంది కనుక, అది కరిగేదాకా ఆగాలి. జొన్న జాతి పైరు విషయంలో మాత్రం కరిగితే చాలదు: మంచు దెబ్బ తిన్న జొన్నలో సైనైడ్ విషం విడుదలవుతుంది కాబట్టి, పైరు పూర్తిగా వాడి ఎండేదాకా ఆవులను అటు పోనివ్వకూడదు.