మంచె మీది కొత్త కావలి

దేవరకొండ దగ్గర మా చుట్టాల బాబుకు తలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు. రక్తం ఎక్కించాల్సిన ప్రతిసారీ వాళ్లమ్మ తెల్లవారకముందే హైదరాబాద్ బస్సెక్కుతుంది. ఎముకల్లో రక్తం తయారుచేసే మూలుగ మారిస్తే నయమవుతుందని డాక్టర్లు చెప్పారట. "వేరేవాళ్ల మూలుగను వాని ఒళ్లు పట్టుకుంటదా అన్నా?" అని అడిగింది.

పట్టుకోకపోవచ్చు. కానీ డాక్టర్లకు టెన్షన్ పెట్టేది ఇంకొకటి ఉంది. వచ్చిన మూలుగే ఒంటి మీద తిరగబడటం. జొన్నచేనుకు పక్క ఊరి మనిషిని కావలి పెట్టామనుకోండి. పిట్టలను కొట్టాల్సినవాడు, ముఖాలు ఎరగక, ఆ ఇంటి పిల్లల మీదికే వడిసెల తిప్పుతాడు. దాత మూలుగతో వచ్చే టి-కణాలు, అంటే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు, చేసేది అదే. చర్మం మీద దద్దుర్లు, కామెర్లు, ఆగని విరేచనాలు. దీన్నే జీవీహెచ్‌డీ (గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ డిసీజ్) అంటారు. ప్రాణం మీదికి కూడా తేగలదు.

1956లో ఇంగ్లండ్‌లో బార్న్స్, లూటిట్ బృందం లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న ఎలుకలకు రేడియేషన్ ఇచ్చి, వేరే జాతి ఎలుకల మూలుగ ఎక్కించింది. లుకేమియా తగ్గింది గానీ ఎలుకలు చిక్కి చిక్కి చనిపోయాయి. తర్వాత డోనాల్ థామస్, రైనర్ స్టార్బ్ వంటివారు కుక్కల మీద ఏళ్లతరబడి పనిచేశారు. ఈ తిరుగుబాటును అణిచే మందులు మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్ కలిపి ఇచ్చే పద్ధతి ఆ కుక్కల దగ్గరి నుంచే మనుషులకు వచ్చింది. థామస్‌కు 1990లో నోబెల్ ఇచ్చారు. ఆ మూగజీవాల రుణం మాత్రం మన మీద అట్లాగే ఉంది.

బాబుకు ఉన్నది ఒక్క అక్క. మూలుగ ఇవ్వాలంటే కణాల మీది గుర్తులు (హెచ్‌ఎల్‌ఏ) కలవాలి. తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకవంతే, ఆమెది కలవలేదు. తల్లిదండ్రులది మామూలుగా సగమే కలుస్తుంది. ఒకప్పుడు అంతటితో ఆశ వదులుకోవాల్సిందే. ఆ సగానికి దారి చూపిందీ ఎలుకలే. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో లుజ్నిక్, ఫుక్స్ బృందం మూలుగ ఎక్కించాక సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందు ఇచ్చి చూసి 2001లో ఎలుకల ఫలితాలు, 2008లో మనుషుల ఫలితాలు ప్రచురించింది. మనుషులకు దాన్ని మూలుగ ఎక్కించిన తర్వాత మూడో రోజున, నాలుగో రోజున ఇస్తారు.

"మూడు రోజులు ఎందుకు ఆగాలె? ముందే ఇస్తే అయిపోదా?" అందామె. ఎంత మంచి ప్రశ్న! ఈ మందు ముఖ్యంగా విభజన చెందుతున్న కణాలనే చంపుతుంది. పరాయి ఒంటిని చూసి రెచ్చిపోయిన టి-కణాలు ఆ మూడు రోజుల్లో జోరుగా పెరుగుతాయి, మందుకు చిక్కుతాయి. కొత్త రక్తాన్ని తయారుచేసే మూలకణాల దగ్గర మాత్రం ఈ మందును విరిచేసే ఎంజైమ్ దండిగా ఉంటుంది, అందుకే అవి బతుకుతాయి. టి-కణాలన్నీ చావవనీ, మిగిలినవి నీరసపడతాయనీ, వాటిని అదుపుచేసే కణాలు ముందుగా కోలుకుంటాయనీ ఈమధ్య ఎలుకల్లోనే తేలింది.

ఆ మూడు రోజుల్లో చాలామందికి జ్వరం వస్తుంది. దాన్ని తగ్గించడానికి స్టెరాయిడ్ ఇస్తే ఆ కణాలు పెరగకుండా ఆగి, మందు నుంచి తప్పించుకుంటాయి. అందుకే ఇవ్వరు. రోగనిరోధకాన్ని అణిచే మిగతా మందులు సాధారణంగా ఐదో రోజు నుంచే. జ్వరం వస్తే భయపడొద్దని, కానీ వెంటనే నర్సుకు చెప్పాలని ఆమెకు రెండుసార్లు చెప్పాను.

సోమవారం బాబు నాన్న రక్తం పరీక్షకు ఇస్తున్నాడు.