వంశావళిలో పేరు దొరకని యాజకులు: హెబ్రీ లేఖనాల్లోని తరాల జాబితాల వెనుక కథ

బబులోను చెర నుంచి యెరూషలేముకు తిరిగివచ్చిన వారి లెక్కను ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయం ఎంతో ఓపికగా నమోదు చేసింది. పారసీక రాజు కోరెషు క్రీ.పూ. 538లో ఇచ్చిన అనుమతితో మొదలైన ఆ తిరుగు ప్రయాణంలో సమాజమంతా కలిసి 42,360 మంది అనీ, వారి వెంట 736 గుర్రాలు, 245 కంచరగాడిదలు, 435 ఒంటెలు, 6,720 గాడిదలు ఉన్నాయనీ అందులో ఉంది. గాడిదల దాకా తేలిన ఆ లెక్కలో మనుషుల విషయమే ఒకచోట తేలలేదు. హబాయ్యా, హక్కోజు, బర్జిల్లయి అనే మూడు యాజక కుటుంబాల వారు వంశావళి పత్రాల్లో తమ పేర్లు వెతికించుకున్నారు గానీ అవి కనబడలేదు. దాంతో వారిని అపవిత్రులుగా ఎంచి యాజకత్వం నుంచి తప్పించారు. దైవచిత్తం తెలుసుకోవడానికి వాడే ఊరీము, తుమ్మీము అనే పవిత్ర వస్తువులను ధరించే యాజకుడు ఒకడు వచ్చి దైవనిర్ణయం తెలిపేదాకా వారు అతిపరిశుద్ధమైన వాటిని తినకూడదని అధికారి ఆజ్ఞాపించాడు.

అదే అధ్యాయంలో దీనికి కాస్త ముందు, తాము ఇశ్రాయేలీయులమో కాదో రుజువు చేసుకోలేకపోయిన సామాన్యులు 652 మంది ఉన్నారు. వారిని ఎవరూ వెళ్లగొట్టినట్టు రాయలేదు. చిక్కంతా బలిపీఠం దగ్గర నిలబడవలసిన వారికే వచ్చింది. పెళ్లి పీటల మీద గోత్రం, ప్రవర, మూడు తరాల పేర్లు పైకి చదివించుకునే అలవాటున్న తెలుగువారికి ఇందులోని తర్కం వెంటనే పట్టుబడుతుంది. అక్కడ చదివే పేర్లు సమాచారం కోసం కాదు, ఆ పేర్లు పలికితే తప్ప కార్యం సాగదు. హెబ్రీ లేఖనాల్లోని వంశావళులు చాలావరకు ఇలాంటివే. అయితే అవి కేవలం అర్హత పత్రాలేనా అన్న ప్రశ్న ఆ లేఖనాల లోపలే పుట్టి, సుమారు రెండున్నర వేల ఏళ్లుగా నలుగుతూ ఉంది.

ఆదికాండములో వంశావళికి వాడిన మాట తోలెదోత్. కనడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిన ఈ మాట ఆ గ్రంథాన్ని భాగాలుగా విడదీసే గుమ్మాల్లాంటి వాక్యాల్లో పదకొండు సార్లు వస్తుంది. విచిత్రమేమంటే మొదటిసారి అది మనుషుల గురించి రాదు. రెండో అధ్యాయం నాలుగో వచనంలో భూమ్యాకాశాలకే తోలెదోత్ ఉంది. తెలుగు బైబిలు అక్కడ ‘ఉత్పత్తిక్రమము’ అనీ, ఐదో అధ్యాయంలో ఆదాము దగ్గరికి వచ్చేసరికి ‘వంశావళి’ అనీ అనువదించడంతో రెండూ ఒకే మాట అన్న సంగతి మన పాఠకుడి కంట పడదు. మూలంలో మాత్రం ఆకాశం, భూమి, ఆదాము, నోవహు, తెరహు అందరూ ఒకే వరుసలో నిలబడతారు. సృష్టి ఎక్కడో ముగిసిపోయి చరిత్ర మరెక్కడో మొదలవలేదని, సృష్టే కాన్పు కాన్పుకూ కొనసాగుతోందని ఆ కూర్పరి చెప్పదలచుకున్నాడని నాకు అనిపిస్తుంది. ఇంకొక విశేషం కూడా గమనించాలి. వాగ్దానానికి వెలుపల ఉండిపోయిన ఇష్మాయేలు వంశావళి ఇస్సాకు కంటే ముందు వస్తుంది, ఏశావు వంశావళి యాకోబు కంటే ముందు వస్తుంది. కథ ఎవరిని వదిలి ముందుకు సాగబోతోందో వారి పిల్లల పేర్లు కూడా ఒక్కొక్కటిగా రాసిన తర్వాతే అది కదులుతుంది.

ఐదో అధ్యాయాన్ని దగ్గరగా చూస్తే దాని నడక తెలుస్తుంది. ఆదాము నుంచి నోవహు వరకు పది తరాలు. ప్రతి వ్యక్తికీ ఒకే అచ్చు: ఇన్నేళ్లు బ్రతికి ఫలానా కుమారుని కనెను, ఆ తర్వాత ఇన్నేళ్లు బ్రతికి కుమారులను కుమార్తెలను కనెను, అతడు మృతిబొందెను. హెబ్రీలో ఆ చివరి మాట ‘వయ్యామోత్’ ఒక్కటే పదం. అది ఆ అధ్యాయంలో ఎనిమిది సార్లు చావుడప్పులా మోగుతుంది. ఏడో తరం హనోకు దగ్గర మాత్రం డప్పు ఆగిపోతుంది. 365 ఏళ్లు బ్రతికిన హనోకు దేవునితో నడిచాడనీ, దేవుడు అతణ్ని తీసికొనిపోయాడు గనుక అతడు లేకపోయాడనీ ఉంటుంది. ఉపదేశం ఒక్క ముక్క లేకుండా, ఒకచోట మాట మానేయడం ద్వారా ఇంత చెప్పిన జాబితా మరొకటి నాకు తెలియదు.

ఈ అచ్చు పూర్తిగా హెబ్రీయుల సొంతం కాదు. మెసొపొటేమియాలో క్రీ.పూ. 1800 ప్రాంతపు మట్టి పట్టకం మీద దొరికిన సుమేరు రాజుల జాబితా జలప్రళయానికి ముందు ఐదు నగరాల్లో ఎనిమిది మంది రాజులు మొత్తం 2,41,200 ఏళ్లు ఏలారని చెబుతుంది. అలాంటి కొన్ని జాబితాల్లో ఏడోవాడైన ఎన్మెదురంకి సూర్యదేవుని నగరమైన సిప్పరుకు రాజు. ఏడో తరం హనోకుకు 365 ఏళ్లు ఉండడంతో పోల్చి పండితులు ఈ రెంటికీ ముడివేస్తారు. తేడా ఎక్కడంటే, ఆదికాండము జాబితాలో ఒక్క రాజూ లేడు, వెయ్యేళ్లు దాటినవాడూ లేడు. 969 ఏళ్ల మెతూషెల కూడా చివరికి మృతిబొందెను అనే మాటకు లొంగవలసిందే. పొరుగువారు సింహాసనాల పరంపర రాసుకున్న చోట వీరు తండ్రీకొడుకుల పరంపర రాసుకున్నారు.

పదో అధ్యాయంలోని జనముల పట్టిక గురించి ఒక్కమాట చాలు. నోవహు ముగ్గురు కుమారుల నుంచి దాదాపు డెబ్బై జనాలు విడివడినట్టు చూపే ఆ పట్టికలో ఇశ్రాయేలు పేరే లేదు.

ఈ జాబితాలు రాతి మీద చెక్కినట్టు మారకుండా ఉన్నవి అనుకుంటే పొరపాటు. సంఖ్యాకాండములో ఇశ్రాయేలుకు వెలుపలి తెగ అయిన కెనెజీయుడిగా కనిపించే కాలేబు దినవృత్తాంతముల నాటికి యూదా గోత్రపు వంశవృక్షంలో నిలకడగా ఇమిడిపోయాడు. సమూయేలు తండ్రి ఎల్కానాను సమూయేలు గ్రంథం ఎఫ్రాయిమీయుడిగా చెబితే, ఆలయసేవ చేసినవాడు లేవీయుడై ఉండాలన్న భావనతో కాబోలు, దినవృత్తాంతములు అతణ్ని లేవీ వంశంలో చేర్చాయి. సెలోపెహాదు కుమార్తెల సంగతి మరీ ఆసక్తికరమైనది. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే ఐదుగురు అక్కచెల్లెళ్లు మోషే ముందు నిలబడి, కొడుకులు లేనంత మాత్రాన తమ తండ్రి పేరు వంశంలోంచి ఎందుకు పోవాలని నిలదీశారు. దేవుడు వారి మాటే న్యాయమన్నాడని సంఖ్యాకాండము 27వ అధ్యాయం చెబుతుంది. 1910లో ఉత్తర ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని షోమ్రోను తవ్వకాల్లో బయటపడిన క్రీ.పూ. 8వ శతాబ్దపు కుండపెంకుల మీద, ద్రాక్షారసం, నూనె వచ్చిన లెక్కల మధ్య, నోయా, హొగ్లా అన్న పేర్లు ప్రాంతాల పేర్లుగా కనిపించాయి. అంటే కుటుంబవృక్షంలోని కూతుళ్ల పేర్లు నేల మీద పల్లెల గుంపుల పేర్లు కూడా. వంశావళి ఇక్కడ రక్తసంబంధాన్ని, భూమి హక్కును, ఇరుగుపొరుగు బాంధవ్యాన్ని ఒకే భాషలో చెప్పే పద్ధతి.

క్రీ.పూ. 586లో ఆలయం కూలాక ఈ భాషకు బరువు పెరిగింది. రాజు లేడు, భూమి లేదు, బలిపీఠం లేదు. చేతిలో మిగిలినవి పేర్లే. ఆ తర్వాతి కాలంలో కూర్చిన మొదటి దినవృత్తాంతముల గ్రంథం క్రియాపదమైనా లేకుండా ‘ఆదాము షేతు ఎనోషు’ అని మొదలై, తొమ్మిది అధ్యాయాల నిండా పేర్లతోనే నడుస్తుంది. చదవడం కష్టమే, నిజం. కానీ నాలుగో అధ్యాయంలో యూదా వంశపు పేర్ల గుట్ట మధ్య తండ్రి పేరు లేని యబ్బేజు ఒకడు హఠాత్తుగా తలెత్తుతాడు. వేదనతో కన్నానని తల్లి పెట్టిన పేరు అది. అతడు తన సరిహద్దు విశాలం చేయమని ప్రార్థిస్తాడు, దేవుడు వింటాడు, జాబితా మళ్లీ సాగిపోతుంది. లెక్కలు రాసే గుమాస్తా కాసేపు కలం ఆపి కళ్లు మూసుకున్నట్టుంటుంది ఆ రెండు వచనాలు.

పత్రం దొరకని హక్కోజు వారి కథ కూడా అక్కడితో ఆగలేదు. నెహెమ్యా నాయకత్వంలో యెరూషలేము గోడ కట్టినవారిలో హక్కోజు మనుమడూ ఊరియా కుమారుడూ అయిన మెరేమోతు ఉన్నాడు. ఎజ్రా 8వ అధ్యాయంలో ఆలయపు వెండి బంగారాలు తూచి ఇప్పించుకున్నవాడు ‘యాజకుడైన ఊరియా కుమారుడగు మెరేమోతు’. ఇద్దరూ ఒకరే అయితే, ఒక తరంలో తప్పించిన ఇల్లు మరో తరంలో ఆలయ ఖజానా ముందు నిలబడిందన్నమాట. తుమ్మీము ధరించిన యాజకుడు వచ్చి తీర్పు చెప్పినట్టు మాత్రం ఎక్కడా రాయలేదు.

రూతు గ్రంథం ముగింపును ఈ నేపథ్యంలో చదవాలి. మోయాబీయులు పదో తరం వరకు కూడా యెహోవా సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం అంటుంది. రూతు మోయాబీయురాలు. ఆమె కథ చివర పెరెసు నుంచి దావీదు వరకు ఒక చిన్న వంశావళి ఉంది, అందులో బోయజు ఏడోవాడు, దావీదు సరిగ్గా పదోవాడు. ఆ పెరెసు కూడా తామారు తన మామ యూదాకు కన్న బిడ్డ. జాబితాలో మాత్రం తామారు పేరు గానీ రూతు పేరు గానీ లేదు, అన్నీ మగ పేర్లే. జాబితా దాచిన దాన్ని చెప్పడానికే దాని ముందు నాలుగు అధ్యాయాల కథ అవసరమైందేమో.

క్రీ.శ. 70లో రెండో ఆలయం కూడా పోయాక యూదు మతగురువులైన రబ్బీల పాఠశాలల్లో ఈ చర్చ కొత్త మలుపు తీసుకుంది. సుమారు 200 నాటి యూదు ధర్మసంకలనం మిష్నా ఒకచోట బబులోను నుంచి వచ్చినవారిని యాజకుల మొదలు తల్లిదండ్రులు తెలియని అనాథల దాకా పది వంశశ్రేణులుగా విభజిస్తుంది. అదే మిష్నా మరోచోట, నా తండ్రి నీ తండ్రి కంటే గొప్ప అని ఎవరూ అనకుండా ఉండేందుకే దేవుడు మనిషిని ఒంటరిగా సృష్టించాడంటుంది. రెండూ పక్కపక్కనే బ్రతికాయి. దినవృత్తాంతములలో ఆసేలు అన్న పేరు ఒకసారి వచ్చి మళ్లీ వచ్చే లోపు ఉన్న పేర్ల మీద నాలుగు వందల ఒంటెలు మోసేంత వ్యాఖ్యానం ఉండేదని, మిష్నా మీద పెరిగిన చర్చల సంపుటి తల్మూదు చెబుతుంది. అతిశయోక్తే, కానీ మనం పేజీలు తిప్పేసే చోట వారు ఎంతసేపు కూర్చున్నారో అది చెబుతుంది. రెండో శతాబ్దంలో ధర్మశాస్త్రమంతటికీ మూలసూత్రం ఏదన్న ప్రశ్న వచ్చినప్పుడు రబ్బీ అకీవా ‘నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను’ అన్న వచనాన్ని చూపాడు. బెన్ అజ్జాయి దానికంటే గొప్పదని ఎత్తి చూపిన వచనం ‘ఆదాము వంశావళి గ్రంథము ఇదే’. ఆ వచనం అక్కడితో ఆగక, దేవుడు మనిషిని తన పోలికగా చేశాడని కూడా చెబుతుంది. వడపోతకు వాడిన పత్రాల వరుసలోనే మొట్టమొదటిది అందరి పేరునా ఉందన్నది అతని వాదన.

తర్వాతి శతాబ్దాల్లో ఐరోపాలో ఈ జాబితాలను పంచాంగంగా చదవడం మొదలైంది. ఐర్లండు ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో ఆ వయసులన్నీ కూడి సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని తేల్చాడు. కానీ సృష్టి నుంచి జలప్రళయం వరకు హెబ్రీ ప్రతిలో 1,656 ఏళ్లు, సమరయుల ప్రతిలో 1,307, గ్రీకు సప్తతి అనువాదంలో 2,242 ఏళ్లు వస్తాయి. ప్రిన్స్‌టన్ పండితుడు విలియం హెన్రీ గ్రీన్ 1890లో, ఎజ్రా తన వంశం చెప్పుకున్నప్పుడే దినవృత్తాంతములలో ఉన్న ఆరు పేర్లు వదిలేశాడని చూపి, ఈ జాబితాలను కూడిక చేసే పని తగదన్నాడు.

యూదు సమాజంలో అసలు చిక్కు మరోచోట మిగిలింది. వంశం ద్వారా కాక విశ్వాసం ద్వారా లోపలికి వచ్చినవాడు ప్రార్థనలో ‘మా పితరుల దేవా’ అనవచ్చా? మిష్నా అనకూడదంది. యెరూషలేము తల్మూదు మాత్రం అబ్రాహాము అనేక జనములకు తండ్రి గనుక అనవచ్చని తీర్పు మార్చింది. పన్నెండో శతాబ్దంలో ఓబద్యా అనే మతాంతరితుడు ఇదే సందేహాన్ని ఐగుప్తులో ఉన్న యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడీస్‌కు రాస్తే, మార్పు లేకుండా అందరిలాగే ప్రార్థించమని ఆయన జవాబిచ్చాడు. నీ వంశాన్ని తక్కువ చేసుకోకు, మేము అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు చెందినవారమైతే, నీవు మాటతో లోకాన్ని సృజించిన వానికి చెందినవాడవు అన్నది ఆ లేఖలోని భావం. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, తాము ఎఫ్రాయిము గోత్రం వారమని చెప్పుకుంటూ యూదు ఆచారాలు పాటిస్తున్న బెనె ఎఫ్రాయీము అనే చిన్న తెలుగు సముదాయం కొన్ని దశాబ్దాలుగా అడుగుతున్నదీ ఈ వరుసలోని ప్రశ్నే, కాకపోతే వారు విశ్వాసం దారి కాక వంశం దారి ఎంచుకున్నారు.

నేటికీ సినగాగులో ధర్మశాస్త్రం చదవడానికి ముందుగా అహరోను వంశీకుణ్ని, అంటే యాజక కుటుంబీకుణ్ని, తర్వాత లేవీయుణ్ని, ఆ తర్వాత మిగిలినవారిని, తండ్రి పేరుతో కలిపి పిలుస్తారు. మతాంతరితుడి వంతు వచ్చినప్పుడు అతని పేరు పక్కన పలికే తండ్రి పేరు ‘మన తండ్రి అబ్రాహాము’.