పెట్రాకి ఒక పూట చాలదు: జోర్డాన్ ట్రిప్ మీద అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ నుంచి పది పన్నెండు మంది చొప్పున చిన్న గ్రూపులను జోర్డాన్ తీసుకెళ్లడం నా పని. అయిదారు రోజుల ట్రిప్. బయల్దేరే ముందు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ అవే. ఉన్నవే అయిదు రోజులు, అందులో ఒకటి రెండు ఈ అపోహల వల్లే పోతుంటే చూడలేక రాస్తున్నాను.

అపోహ: అరబ్ దేశం కదా, ఎప్పుడెళ్లినా ఎండే.

గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనవాళ్ల దగ్గర విన్న మాటలతో చాలామంది జోర్డాన్‌ని ఊహించుకుంటారు. ఇది గల్ఫ్ దేశం కాదు, చెప్పుకోదగ్గ చమురు కూడా లేదు. రాజధాని అమ్మాన్ కొండల మీద కట్టిన ఊరు, జనవరిలో కొన్నేళ్లు మంచు కూడా పడుతుంది. ఒకసారి డిసెంబర్‌లో ఒక పెద్దాయన పల్చటి చొక్కాలతో వచ్చేశారు, దిగిన సాయంత్రమే బజారుకెళ్లి స్వెట్టర్ కొనాల్సి వచ్చింది. వాడీ రమ్ ఎడారిలో టెంట్‌లో పడుకునే రాత్రి అయితే చలి ఇంకా ఎక్కువ. మార్చి నుంచి మే, మళ్లీ అక్టోబర్, నవంబర్ హాయిగా ఉంటాయి.

అపోహ: పెట్రా అంటే ఆ గులాబీ రంగు రాతి భవనమే, ఫోటో దిగి సాయంత్రానికి అమ్మాన్ వచ్చేయొచ్చు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. అమ్మాన్ నుంచి పెట్రాకి రోడ్డు మీద సుమారు 3 గంటలు, అంటే రానూపోనూ 6 గంటలు బండిలోనే పోతాయి. గేటు నుంచి కొంత దూరం నడిస్తే సిక్ అనే ఇరుకు దారి మొదలవుతుంది, రెండు పక్కలా నిలువుగా లేచిన ఎత్తైన బండలు, అదే 1.2 కిలోమీటర్లు, అది దాటాక ఒక్కసారిగా ఎదురొచ్చేదే ఫోటోల్లో కనిపించే అల్ ఖజ్నే. చాలామంది అక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. నిజానికి ఊరు అక్కడే మొదలవుతుంది. రెండు వేల ఏళ్ల కిందట నబాతియన్లు అనే అరబ్ జాతివాళ్లు కొండనే తొలిచి కట్టుకున్న నగరం అది, రాజుల సమాధులు, నాటకశాల, వీధి అన్నీ ఇంకా లోపల ఉన్నాయి. చిట్టచివర 800 పైగా మెట్లెక్కితే అద్ దైర్ అనే ఇంకో రాతి కట్టడం వస్తుంది, ఖజ్నే కన్నా పెద్దది, అక్కడ జనం తక్కువ. ఒక జంట అంతకుముందు వేరే వాళ్లతో వచ్చి, పదకొండింటికి లోపలికెళ్లి మూడింటికి బయటపడ్డారట. రెండోసారి మాతో వచ్చినప్పుడు అద్ దైర్ ముందు కూర్చుని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అందుకే పక్కనే ఉన్న వాడీ మూసా ఊళ్లో రెండు రాత్రులు ఉండండి, పొద్దున్నే గేటు తీయగానే లోపలికి వెళ్లండి.

మెట్లు ఎక్కలేని అమ్మమ్మలు, తాతయ్యలు ఖజ్నే దాకా బ్యాటరీ బండిలో వెళ్లొచ్చు. టికెట్‌లోనే గుర్రం సవారీ కూడా కలిసి ఉంటుంది, కానీ అది సిక్ మొదలు దాకానే, పైగా గుర్రం నడిపే అతను టిప్పు అడుగుతాడు. ఈ మాట ముందే తెలిస్తే అక్కడ గొడవ ఉండదు.

అపోహ: ఖజ్నే అంటే ఖజానా, అందులో నిధి ఉండేది.

పేరుకి అర్థం అదే. పైనున్న రాతి కలశంలో ఈజిప్టు రాజు ఫారో నిధి దాచాడని నమ్మి జనం తుపాకులతో కాల్చారు, ఆ గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. అది లోపల బోలుగా కూడా లేదు, గట్టి రాయి. కట్టడాన్ని సమాధిగానే భావిస్తారు, ముందున్న నేల కింద తవ్వకాల్లో సమాధులే బయటపడ్డాయి.

అపోహ: శాకాహారులకి తిండి దొరకదు.

దొరుకుతుంది. శనగలతో చేసే వడల్లాంటి ఫలాఫెల్, ఉడికించిన శనగల ముద్ద హమ్మస్, కాల్చిన వంకాయతో చేసే ముతబ్బల్, వేడి రొట్టెలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. పప్పు సూప్ ఒక్కటి మాత్రం అడిగి తాగండి, కొన్నిచోట్ల మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు.

అపోహ: మృత సముద్రంలో మునగరు కాబట్టి భయం లేదు.

మామూలు సముద్రం కన్నా దాదాపు పది రెట్లు ఉప్పు, తేలడం నిజమే. కానీ బోర్లా తిరిగితే మళ్లీ వెల్లకిలా తిరగడం కష్టం, ఆ నీళ్లు మింగితే ప్రమాదం. వీపు మీద మెల్లగా వాలండి, పది పదిహేను నిమిషాలు చాలు. ముందురోజు గడ్డం గీసుకోవద్దు, మంటకి తట్టుకోలేరు.

అపోహ: వీసా, టికెట్లు అక్కడికెళ్లి చూసుకోవచ్చు.

ఒక రోజు పెట్రా టికెట్టే 50 దీనార్లు, దీనార్ అంటే 1.4 డాలర్లు. జోర్డాన్ పాస్ ముందే ఆన్‌లైన్‌లో కొంటే 70 నుంచి 80 దీనార్లలో పెట్రా, రోమన్ల నాటి శిథిల నగరం జెరాష్, వాడీ రమ్ అన్నీ వస్తాయి, కనీసం 3 రాత్రులు ఉంటే 40 దీనార్ల వీసా ఫీజు కూడా ఉండదు. దిగాక కొంటే ఆ వీసా లాభం పోతుంది. రేట్లు, వీసా రూల్స్ బుక్ చేసే రోజు మళ్లీ ఒకసారి చూసుకోండి.

ఇంకొక్కటి. పైన కొండల్లో వాన పడితే వరద సిక్‌లోకి వస్తుంది, నబాతియన్లు దాన్ని మళ్లించడానికి ఆనకట్ట, సొరంగం కట్టుకున్నారు. ఇప్పటికీ అలాంటి రోజున గేటు మూసేస్తారు. అందుకే నేను పెట్రాని చివరి రోజుకి ఎప్పుడూ పెట్టను, రెండో రోజే అక్కడికి చేరిపోతాం.