ఒకే దీవి, రెండు వానకాలాలు

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

శ్రీలంక నుంచి మీరు రాసిన ఉత్తరం అందింది. జూలై నెలలో తెల్లవారుజామున నైరుతి తీరంలోని గాలే అనే ఊరిలో బస్సెక్కేటప్పుడు సముద్రం బురదరంగులో పొంగుతూ కోటగోడలను మోదుతూ ఉందనీ, చీకటిపడే వేళకు తూర్పుతీరంలోని బట్టికలోవా చేరితే అక్కడ అదే సముద్రం చెరువులా నిలిచి ఉందనీ, వానచుక్క కాదు కదా మబ్బుతునక కూడా కనబడలేదనీ రాసి, ఒక్క రోజులో ఒక్క దీవి మీద ఇలా ఎలా జరిగిందని అడిగారు. పెద్దవాళ్లయితే ఇలాంటి ప్రయాణం తరువాత బస్సు ఇరుకు గురించీ నడుంనొప్పి గురించీ చెబుతారు. మీరు కిటికీలోంచి బయటికి చూశారు. అందుకు నాకు సంతోషంగా ఉంది.

ముందు పటం తెరవండి. ఆ దీవి ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 435 కిలోమీటర్లు, తూర్పు నుంచి పడమరకు సుమారు 225 కిలోమీటర్లు ఉంటుంది. దాని దక్షిణభాగం నడుమ కొండలు గుంపుగా లేచి ఉన్నాయి. వాటిలో ఎత్తైన పిదురుతలాగల 2,524 మీటర్లు. మే నెల సగం నుంచి సెప్టెంబరు దాకా గాలి నైరుతి దిక్కు నుంచి, దారిపొడుగునా హిందూ మహాసముద్రపు తేమను ఎత్తుకొని వచ్చి ఈ కొండలకు ఎదురుపడుతుంది. మీ ప్రశ్నకు జవాబు ఆ కొండల దగ్గరే ఉంది.

నిండు కడవలతో కావడి భుజాన వేసుకొని కొండమెట్లు ఎక్కుతున్న మనిషిని ఊహించుకోండి. గాలి ఆ మనిషి, తేమ ఆ కడవల్లోని నీరు. మెట్టుమెట్టుకూ కడవ ఊగుతుంది, నీరు ఒలుకుతుంది. నిజానికి గాలి పైకి వెళ్లిన కొద్దీ చల్లబడుతుంది, చల్లబడిన కొద్దీ అందులోని ఆవిరి నీరుగా మారి వానై రాలుతుంది; అంతకు మించిన లెక్కలు మీ పాఠ్యపుస్తకంలో వస్తాయి కనుక నేను కావడినే నమ్ముకుంటాను. కొండల పడమటి వాలులో కొన్నిచోట్ల ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఆ నీరంతా ఏరులై దిగి వస్తుంది. గాలేకు కొద్ది దూరంలో సముద్రంలో కలిసే జిన్ గంగ అనే నది కొండల మట్టిని కూడా వెంట తెస్తుంది కాబట్టి, మీరు చూసిన బురదరంగులో దాని వంతు కూడా ఉండే ఉంటుంది.

నా చిన్నతనంలో ఇంట్లో పెళ్లి జరిగితే నీళ్లు కావళ్లతోనే వచ్చేవి. కావడి మోసే పెద్దాయన వెనకాలే నడుస్తూ, ఒలికిన నీటిచార ఎక్కడ వెడల్పయిందో ఎక్కడ సన్నబడిందో చూడడం పిల్లలమైన మాకు ఒక ఆట. మెట్ల దగ్గర అది మడుగు కట్టేది, చదునైన నేల మీద చుక్కలుగా మిగిలేది. తొట్టిలో పోసినదాన్ని ఆయన లెక్కపెట్టుకొనేవాడు, దారిలో పోయినదాన్ని మేము లెక్కపెట్టేవాళ్లం.

గాలే దాటి తీరం వెంబడి తూర్పుగా వెళ్తే వచ్చే హంబన్‌టోట దగ్గరి నేల కూడా అలా చదునైనదే. అక్కడ తీరానికి ఆనుకొని గాలి ఎక్కవలసిన మెట్లు లేవు. కడవలు పెద్దగా ఒలకకుండానే గాలి ముందుకు సాగిపోతుంది. గాలేలో ఏడాదికి 2,000 మిల్లీమీటర్లు దాటే వాన, హంబన్‌టోటలో సుమారు సగం మాత్రమే. ఆ ఊరి చుట్టూ మీరు చూసిన తెల్లని మళ్లు ఉప్పుమళ్లు. తరచుగా వాన పడేచోట ఉప్పు పండదు కదా! ఆ తరువాత యాల అడవి అడ్డు రావడం వల్ల తీరం వెంబడి దారి లేక మీ బస్సు లోపలికి మళ్లి, మొణరాగల మీదుగా కొండల వెనక్కి చేరింది.

వెనక్కి చేరేసరికి కావడి తేలికైపోయింది. ఖాళీ కడవలతో మెట్లు దిగే మనిషి ఎలా పరుగెత్తుతాడో, పరుగెత్తి ఎలా వేడెక్కుతాడో మీకు తెలుసు; గాలి కూడా కిందికి దిగుతున్న కొద్దీ నొక్కుకుపోయి వేడెక్కుతుంది. మీ ఉత్తరంలో ముఖం మీద పొయ్యి ఊదినట్టుందని రాసిన గాలి అదే. బట్టికలోవా వాళ్లు దానిని కచ్చాన్ అంటారు. సముద్రం నిలకడగా ఉండడానికి కారణం కూడా ఇదే: ఆ రుతువులో తూర్పుతీరం గాలిచాటున ఉంటుంది, గాలి అలలను తోసుకుంటూ ఒడ్డుకు రాదు, ఒడ్డు నుంచి బయటికి పోతుంది.

డిసెంబరులో అంతా తిరగబడుతుంది. ఈశాన్యం నుంచి వచ్చే గాలి బట్టికలోవా, ట్రింకోమలీ తీరాలను తడుపుతుంది, గాలే వైపు సముద్రం శాంతిస్తుంది. నీగొంబో, చిలాపం వంటి పడమటి తీరపు ఊళ్ల జాలర్లలో కొందరు తరతరాలుగా నైరుతి గాలి మొదలవగానే వలలూ పడవలూ సర్దుకొని ఈశాన్యతీరానికి వలస వెళ్లి, గాలి మళ్లినప్పుడు తిరిగి వస్తున్నారు. మీరు ఒక్క రోజు చేసిన ప్రయాణం వాళ్లకు బతుకుతెరువు.

కావడి నుంచి ఒలికిన నీరంతా వృథాగా పోయినట్టేనా అని మీలో చిన్నది అడుగుతుందని నాకు తెలుసు. కాదు. కొండల వెనక నేలకు ఏడాదిలో కొన్ని నెలలే వాన కాబట్టి అక్కడి రాజులు రెండువేల ఏళ్లకు ముందు నుంచే చెరువులు తవ్వించారు. 12వ శతాబ్దపు పరాక్రమబాహు అయితే మనిషికి ఉపయోగపడకుండా ఒక్క వానచుక్క కూడా సముద్రంలో కలవకూడదని కోరుకున్నాడట. చేతులు కడుక్కొని కొళాయి కట్టడం మరచిపోయే పిల్లలు ఈ మాటను రెండుసార్లు చదవవలసిందిగా కోరుతున్నాను.

మళ్లీ ఆ దారిన వెళ్లినప్పుడు మాతర దాటగానే ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. దట్టమైన కొబ్బరితోటలు పలచబడి ముళ్లపొదలు మొదలయ్యే చోటు ఎక్కడో ఒకటి వస్తుంది. అది వచ్చినప్పుడు దగ్గరలో ఉన్న ఊరిపేరు కాగితం మీద రాసుకోండి. నేనైతే తంగల్లకూ హంబన్‌టోటకూ నడుమ అనుకుంటున్నాను. మీరు చూసి, నా మాట తప్పయితే ఆ సంగతి దాచకుండా రాయండి.

మీ తాతయ్య