మిడిల్ స్కూల్ లెక్కల హోంవర్కు: అపోహలు - వాస్తవాలు

పేరెంట్స్ మీటింగు పెట్టిన ప్రతిసారీ నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఒకే మాట అడుగుతారు. "సార్, మావాడు హోంవర్కులో ఒక్క లెక్క కూడా వదిలిపెట్టడు, అన్నీ రైటే పడతాయి, మరి పరీక్షలో మార్కులెందుకు రావు?" జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు గణితం చెప్పే ఉపాధ్యాయుడిగా ఈ ప్రశ్నకు నేనిచ్చే జవాబు వారికి మొదట మింగుడుపడదు. అన్నీ రైటే పడ్డ ఆ నోటుపుస్తకాన్నే ముందుగా అనుమానించాలని నేను చెబుతాను.

అపోహ: హోంవర్కు మొత్తం పూర్తి కావాలి, అందులో ఒక్క తప్పు కూడా ఉండకూడదు.

వాస్తవం: పాఠం ఎంతవరకు ఎక్కింది, ఎక్కడ ఆగిపోయింది అన్న సంగతి పిల్లలకూ ఉపాధ్యాయుడికీ తెలియడానికే హోంవర్కు ఇస్తాం. గైడులోంచి ఎక్కించిన జవాబు, ట్యూషన్‌లో బోర్డు మీద వేసిన లెక్క, ఫోనుతో ఫొటో తీయగానే యాప్ చూపించిన సాధన, పిల్లవాడు సొంతంగా తంటాలు పడి చేసిన లెక్క, ఇవన్నీ నోటుపుస్తకంలోకి వచ్చాక ఒకేలా కనిపిస్తాయి. జ్వరానికి మాత్ర వేసి, ఒళ్లు చల్లబడ్డాక డాక్టరుకు చూపించినట్టే ఇది. పుస్తకాలన్నీ సరిగ్గా ఉన్నాయి కనుక పాఠం అందరికీ వచ్చిందనుకుని ఉపాధ్యాయుడు తరువాతి అధ్యాయం మొదలుపెడతాడు, రానివాడు అక్కడే మిగిలిపోతాడు.

ఏడో తరగతిలో ఒక అమ్మాయి పూర్ణ సంఖ్యల అధ్యాయం హోంవర్కును ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా తెచ్చేది. లఘు పరీక్షలో మాత్రం −3 − 5 = 8 అని రాసింది, అలాంటి లెక్క వచ్చిన ప్రతి చోటా అదే తప్పు చేసింది. ఎలా వచ్చిందని అడిగితే, "మైనస్ మైనస్ ప్లస్ కదా సార్" అంది. అది రెండు రుణ సంఖ్యలను గుణించేటప్పుడు వర్తించే సూత్రం. (−3) × (−5) = 15 అవుతుంది, కానీ −3 − 5 అంటే మూడు రూపాయల అప్పు మీద మరో అయిదు రూపాయల అప్పు చేయడం, మొత్తం అప్పు ఎనిమిది, కాబట్టి జవాబు −8. బ్రహ్మగుప్తుడు 628లోనే రుణ సంఖ్యల సూత్రాలను ఇలా ఆస్తి, అప్పుల లెక్కలోనే చెప్పాడు. ఈ వివరణ అంతా మధ్యాహ్న భోజన విరామంలో, సంఖ్యా రేఖ గీసుకుని −3 దగ్గర నుంచి ఎడమకు అయిదు గడులు లెక్కపెట్టించేసరికి పూర్తయింది. అన్ని వారాలూ ఆ తప్పు బయటపడకపోవడానికి కారణం, ఇంటి పక్కన ట్యూషన్‌లో లెక్కలన్నీ చేయించి, ఫెయిర్‌గా ఎక్కించి పంపడమే. అప్పుడు కూడా అది పట్టుబడకపోయి ఉంటే ఎనిమిదిలో సమీకరణాల్లో, తొమ్మిదిలో బహుపదుల్లో, పదిలో వర్గ సమీకరణాల్లో అదే తప్పు తిరిగి వచ్చేది, అప్పటికి ఆ అమ్మాయి తనకు లెక్కలు రావని తేల్చేసుకుని ఉండేది.

ఇకనుంచి సొంతంగా చేయించండి, తప్పులున్నా ఫరవాలేదు, చెరిపేయకుండా ఒక గీత కొట్టి పక్కన మళ్లీ రాయమనండి అని వాళ్లమ్మగారికి చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "తప్పులు చూసి కొడతారేమోనని భయంతోనే ట్యూషన్‌కు పంపాను సార్" అన్నారు. తాము చదువుకున్న రోజుల్లో తిన్న దెబ్బలను తలచుకుని తల్లిదండ్రులు పడే ఈ భయాన్ని నేను కాదనలేను. అయితే పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 నాటి విద్యా హక్కు చట్టం నిషేధించింది కనుక, తప్పు చేసిన పిల్లవాడిని ఎవరైనా దండిస్తే నిలదీసే హక్కు మీకుంది. మార్కులు పోతాయన్న భయం కూడా వద్దు. ఏడాది మధ్యలో బడిలోనే జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఎఫ్.ఏ.) రాత అంశాలకు మార్కులున్న మాట నిజమే కానీ, అవి పిల్లలు సొంతంగా రాసినదానికే తప్ప గైడును చూసి ఎక్కించినదానికి కావు.

ఇక వాట్సాప్‌లో పదే పదే తిరిగే పుకారు ఒకటుంది, "ప్రభుత్వం హోంవర్కు రద్దు చేసింది" అని. దాన్ని చదివి హోంవర్కు ఎందుకిస్తున్నారని గొడవకు వచ్చినవారూ ఉన్నారు. ఫార్వర్డు చేసే ముందు ఒక్కసారి చూసుకుంటే ఈ అయోమయం ఉండదు. 2020లో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి వరకే హోంవర్కు వద్దంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు గంటకు మించకూడదని చెప్పింది, ఆ గంట కూడా అన్ని సబ్జెక్టులకూ కలిపి. ఆ లెక్కన గణితానికి పావుగంట, ఇరవై నిమిషాలే మిగులుతాయి, నా అనుభవంలో నాలుగైదు లెక్కలు శ్రద్ధగా చేయడానికి ఆ సమయం చాలు. రాత్రి పదకొండింటి దాకా పిల్లలను కూర్చోబెట్టే బడి ఏదైనా ఈ విధానానికి విరుద్ధంగానే నడుస్తోంది.

వారమంతా వదిలేసి ఆదివారం ఒకేసారి రెండు అభ్యాసాలు పూర్తి చేస్తే సరిపోతుందన్నది మరో అపోహ. ఒక అభ్యాసంలోని లెక్కలు చాలావరకు ఒకే పద్ధతిలో సాగుతాయి, శీర్షిక చూస్తేనే క.సా.గు. కనుక్కోవాలో గ.సా.భా. కనుక్కోవాలో తెలిసిపోతుంది. పరీక్ష పేపర్లో ఆ శీర్షిక ఉండదు. అందుకే రోజూ కొత్తవి మూడు, పాత అధ్యాయాల నుంచి రెండు చొప్పున కలిపి చేయమంటాను.

ఆరో తరగతి నుంచే ఐఐటీ ప్రవేశ పరీక్షకు సిద్ధం చేసే 'ఫౌండేషన్' కోచింగ్ లేకపోతే పిల్లలు వెనకబడతారన్నది కేవలం ప్రచారం, భిన్నాలు రాని పిల్లవాడికి ఏ ఫౌండేషనూ నిలవదు. లెక్కల బుర్ర పుట్టుకతో వస్తుందన్న మాటను పిల్లల ముందు అనకండి. ఎక్కాలు మాత్రం ఇరవై దాకా రావాలి, అందులో రాజీ లేదు.

"మాకు చదువు లేదు, లెక్కలు మేమెలా చూడగలం" అని బాధపడే తల్లిదండ్రులకు ఒక మాట. లెక్క మీకు రానక్కర్లేదు. పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఈ వరుస తరువాత ఈ వరుస ఎలా వచ్చిందో నాకు చెప్పు అని అడగండి. మా బడి పిల్లాడి తండ్రి ఒకాయన టీ కొట్టు నడుపుతారు, రాత్రి కొట్టు కట్టేసి వచ్చాక ఇదే అడుగుతారు. అర్థమైన మెట్టును పిల్లలు గుక్క తిప్పుకోకుండా చెబుతారు, కాపీ కొట్టిన మెట్టు దగ్గర మాట తడబడుతుంది. పది నిమిషాలు ప్రయత్నించినా ముందుకు కదలకపోతే ఆ లెక్కను అక్కడే ఆపించండి. చేసినంత వరకు ఉంచి, కింద "ఇక్కడి నుంచి రాలేదు" అని పిల్లల చేతే రాయించి పంపండి. మరుసటి రోజు గణితం పీరియడులో బోర్డు మీద మొదట ఆ లెక్కే చేయిస్తాను.