గామా విస్ఫోటం తర్వాతి వెలుగు: మన దిక్కున వినిపించే అపోహలు, అసలు సంగతులు

నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ కాలేజీల్లో గామా కిరణ విస్ఫోటాల గురించి మాట్లాడినప్పుడల్లా దాదాపు అవే ప్రశ్నలు ఎదురవుతాయి. ఎక్కడో సుదూర అంతరిక్షంలో పుట్టి, క్షణాలో నిమిషాలో ఉండి పోయే గామా కిరణాల మెరుపులే ఈ విస్ఫోటాలు. విస్ఫోటం ముగిశాక మిగిలే వెలుగును మేం ఆఫ్టర్‌గ్లో అంటాం. టెలిస్కోప్ తీసిన చిత్రాల్లో అది గంట గంటకూ ఎంత తగ్గిందో కొలవడం నా పని. కాబట్టి నాకు తెలిసినంతలో ఒక్కొక్కటే చెప్తాను.

అపోహ: ఆకాశం నుంచి గామా కిరణాలు పడితే రోగాలొస్తాయి.

ఈ భయం ఎక్కడిదో నాకు అర్థమవుతుంది. లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గొడవ, అప్పటి రేడియేషన్ భయం మనవాళ్లు మర్చిపోలేదు. నల్లమలలో యురేనియం తవ్వొద్దని జనం రోడ్డెక్కాక 2019 సెప్టెంబర్‌లో అసెంబ్లీ తీర్మానమే చేసింది. నేలలో ఉన్న యురేనియం గురించి మనవాళ్లు అడిగిన ప్రశ్నలు న్యాయమైనవి. పైనుంచి వచ్చే గామా సంగతి మాత్రం వేరు, దాన్ని వాతావరణమే అడ్డుకుంటుంది. అందుకే ఈ విస్ఫోటాలను పట్టడానికి ఉపగ్రహాలు కావాల్సి వచ్చింది. 1967లో మొదటిసారి పట్టినవి కూడా అణుపరీక్షల మీద నిఘాకు అమెరికా పంపిన వేలా ఉపగ్రహాలే.

2022 అక్టోబర్ 9 సంగతి చూడండి. దసరా అయిపోయిన నాలుగో రోజు, పౌర్ణమి. మన టైము ప్రకారం సాయంత్రం 6 గంటల 47 నిమిషాలకు ఫెర్మీ ఉపగ్రహం ఒక విస్ఫోటాన్ని పట్టింది. పేరు జీఆర్‌బీ 221009ఏ (జీఆర్‌బీ అంటే గామా రే బరస్ట్, అంకెలు తేదీవి). ఇప్పటిదాకా నమోదైన వాటన్నిటిలోకీ ప్రకాశవంతమైనది అదే. ఇంత జోరుగా మనల్ని తాకేది పదివేల ఏళ్లకు ఒకటి వస్తుందని అంచనా. లెక్క కట్టి చూస్తే ఆ క్షణాన అది నల్లగొండకు దాదాపు నడినెత్తిన ఉంది, ఎనిమిది తొమ్మిది డిగ్రీలు పడమటికి ఒరిగి. పైన అయనోస్పియర్ అనే వాతావరణపు పై పొర కలతపడింది, రేడియో తరంగాల్లో ఆ తేడా నమోదైంది. కింద మనుషులకు మాత్రం ఏమీ కాలేదు. ఆ కిరణాలు బయల్దేరి అప్పటికి సుమారు 190 కోట్ల ఏళ్లు.

అపోహ: అంత పెద్దదైతే కంటికి కనిపించాలి కదా!

గామాలో పెద్దదైనంత మాత్రాన మామూలు వెలుగులో పెద్దదిగా కనిపించాలని లేదు. పైగా ఆ విస్ఫోటం పాలపుంత దుమ్ము వెనక నుంచి వచ్చింది, కంటికి ఆనే హద్దు కన్నా వేల రెట్లు మసకగా కనిపించింది. 2008 మార్చి 19 నాటి విస్ఫోటం ఒక్కటే, చీకటి చోట సరిగ్గా అటే చూస్తున్నవాళ్లకు ఒక నిమిషంలోపు కంటికి అందేంత వెలిగింది.

అపోహ: మీరు తీసే ఫొటోల్లో రంగురంగుల జెట్ కనిపిస్తుంది.

జెట్ అంటే విస్ఫోటం నుంచి మహా వేగంగా దూసుకొచ్చే పదార్థపు ధార. ఆ రంగుల బొమ్మలు చిత్రకారులు గీసినవి. నా స్క్రీన్ మీద కనిపించేది నలుపు తెలుపు ఫ్రేము, అందులో చుక్కలు. ఉపగ్రహం చెప్పిన చోట పాత సర్వే చిత్రంలో లేని చుక్క ఒకటి కొత్తగా కనిపిస్తే, అదే ఆఫ్టర్‌గ్లో కావచ్చు. ముందు కెమెరా వల్ల వచ్చే తేడాలను (బయాస్, ఫ్లాట్ అంటాం) సరిచేస్తాం. చుక్క చుట్టూ ఒక వలయం తీసుకుని అక్కడి ఆకాశం వెలుగును తీసేస్తాం. అదే ఫ్రేములో మాగ్నిట్యూడ్ (వెలుగును చెప్పే అంకె, అది పెరిగే కొద్దీ మసక) ముందే తెలిసిన తారలతో పోల్చి చూస్తాం. ఇంత చేశాక చేతికొచ్చేది ఒక అంకె, దాని పక్కన ఎంత తేడా ఉండొచ్చో చెప్పే ఇంకో అంకె. నాకు మాత్రం ఏ రంగుల బొమ్మ కన్నా ఆ రెండు అంకెలే అపురూపం.

అపోహ: క్షణాల్లో అయిపోయేదాన్ని తర్వాత చూసి ఏం లాభం?

నన్ను అందరికన్నా ఎక్కువ బాధపెట్టే అపోహ ఇదే, ఎందుకంటే అసలు కథ మొదలయ్యేదే అక్కడ. గామా మెరుపు క్షణాల్లోనో నిమిషాల్లోనో పోతుంది. ఆ తర్వాత జెట్‌లోని పదార్థం చుట్టూ ఉన్న వాయువును ఢీకొట్టి ఎక్స్‌రే, మామూలు వెలుగు, రేడియో అన్నిట్లోనూ ప్రకాశిస్తుంది. మామూలు వెలుగు రోజులు వారాలు ఉంటుంది, రేడియో నెలల తరబడి కూడా అందుతుంది. 1997 ఫిబ్రవరి 28న వచ్చిన విస్ఫోటానికి తొలిసారి ఈ వెలుగు దొరికింది. అదే ఏడాది మే నెలలో వచ్చిన ఇంకోదాని ఆఫ్టర్‌గ్లో వర్ణపటం చూశాకే ఇవి మన గెలాక్సీవి కావని, కోట్ల కాంతి సంవత్సరాల అవతలివని తేలింది.

తగ్గడానికీ ఒక పద్ధతి ఉంది. వాన వెలిశాక చెరువు అలుగు మొదటి పూట గబగబా తగ్గి, ఆ తర్వాత రోజుల తరబడి సన్నగా కారుతుంది చూడండి, అలా. కాలం పది రెట్లయితే వెలుగు సుమారు పదో వంతుకు పడిపోతుంది, అంటే రెండున్నర మాగ్నిట్యూడ్లు. విస్ఫోటమైన గంటకు మాగ్నిట్యూడ్ 17 దగ్గర ఉన్నది పది గంటలకు 19.5కి, నాలుగు రోజులు దాటేసరికి 22కి చేరుతుంది. లడఖ్‌లోని హాన్లేలో ఉన్న 0.7 మీటర్ల గ్రోత్ ఇండియా టెలిస్కోప్‌తో మొదలైన పని చివరికి ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్‌లో ఉన్న 3.6 మీటర్ల దాన్ని అడుగుతుంది. మధ్యలో ఒక రాత్రి మబ్బు పట్టిందా, ఆ కొలత ఇక ఎప్పటికీ దొరకదు. టెన్షన్ అంతా అందుకే.

ఈ తగ్గుదలను గీతగా గీస్తే, కొన్నిటిలో ఒక రోజున ఆ గీత ఉన్నట్టుండి కిందికి వంగుతుంది. జెట్ మహా వేగంగా వస్తున్నంతసేపు దాని నడిమి భాగమే మనకు కనిపిస్తుంది. వేగం తగ్గే కొద్దీ కనిపించే మేర పెరుగుతుంది. అంచుల దాకా కనిపించాక ఇంక కొత్తగా కలిసే వెలుగు ఉండదు, అక్కడి నుంచి ఇంకా తొందరగా జారిపోతుంది. దీన్ని జెట్ బ్రేక్ అంటాం. ఆ వంపు ఏ రోజు వచ్చిందో తెలిస్తే జెట్ ఎంత సన్ననిదో, నిజంగా ఎంత శక్తి వెలువడిందో లెక్కకు వస్తుంది. ఆ వంపును చూపేది తర్వాతి రోజుల కొలతలే. 2003 మార్చి 29 నాటి విస్ఫోటంలో అయితే తగ్గుతున్న వెలుగులోంచి సూపర్‌నోవా (నక్షత్రం పేలుడు) వర్ణపటం బయటపడింది. పెద్ద నక్షత్రం కూలిపోతేనే అలాంటి విస్ఫోటం వస్తుందనడానికి అది గట్టి ఆధారం.

అపోహ: నల్లమలలో అంత చీకటి ఉంది, అక్కడే పెద్ద టెలిస్కోప్ పెట్టొచ్చు.

మన్ననూర్ దాటాక ఆకాశం నాకూ ప్రాణమే. కానీ చీకటి ఒక్కటే చాలదు. గాలిలో తేమ తక్కువుండాలి, గాలి నిలకడగా ఉండాలి, ఏడాదిలో ఎక్కువ రాత్రులు తేటగా ఉండాలి. హాన్లే 4500 మీటర్ల ఎత్తున ఉన్న చలి ఎడారి, అందుకే అక్కడ పెట్టారు. అలాగని మన ప్రాంతానికి ఈ విద్య కొత్త కాదు. ఇబ్రహీంపట్నం అవతల రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ 48 అంగుళాల టెలిస్కోప్ నెలకొల్పింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు.

అపోహ: చుక్క కనిపించకపోతే ఆ రాత్రి దండగ.

కానే కాదు. ఫలానా టైముకి, ఫలానా ఫిల్టర్‌లో, ఫలానా మాగ్నిట్యూడ్ దాకా ఏమీ లేదు అని పంపితే అదీ ఒక కొలతే, అప్పర్ లిమిట్ అంటాం. 2009 ఏప్రిల్ 23 విస్ఫోటం మామూలు వెలుగులో కనిపించలేదు, ఇన్‌ఫ్రారెడ్‌లో కనిపించింది. చాలా దూరం నుంచి వచ్చే వెలుగు ఇన్‌ఫ్రారెడ్ వైపు జరిగిపోతుంది కాబట్టి, ఇక్కడ లేకపోవడం, అక్కడ ఉండటం రెండూ కలిపి చూశాకే అది ఎంత దూరానిదో అందరికీ తట్టింది. ఆ వెలుగు బయల్దేరేనాటికి విశ్వానికి దాదాపు 63 కోట్ల ఏళ్లే.